సలోమె ఎవరింటిది

ఆ పొద్దున కూడా బసిలియా కొడుక్కి చెయ్యివ్వలేదు.

ఫౌస్తినో రోజూ చేసినట్టే తల్లి కుర్చీ ముందు వంగి, ఆవిడ చెయ్యి అందుకుని నుదుటికి ఆనించుకోబోయాడు. చెయ్యి శాలువాలోంచి బయటికి రాలేదు. వంగినవాడు వంగినట్టే కాసేపు ఉండిపోయి, నడుం పట్టేసినవాడిలా మెల్లగా లేచాడు. మాడ్రిడ్‌లో పెద్ద పెద్ద వాళ్ళతో వాదనకి దిగానని చెప్పుకునే మనిషి, కన్నతల్లి దీవెన దొరక్క వంటింటి గుమ్మం వైపు దిక్కులు చూశాడు.

గుమ్మంలో అక్క తెక్లా నిలబడి ఉంది. చేతిలో వెల్లుల్లి వేసి వేయించిన అన్నం, పక్కన ఎండుచేప. తమ్ముణ్ణి చూసింది, తల్లిని చూసింది, పళ్ళెం తెచ్చి బల్ల మీద పెట్టింది.

"తినమ్మా," అంది.

"నాకు ఆకలి లేదు. నీ తమ్ముడికి పెట్టు. రాసీ రాసీ అలిసిపోయి ఉంటాడు."

మొన్న సాయంత్రం దాకా ఈ ఇల్లు బాగానే ఉంది. సొంత ఊళ్ళో పాదిరీల మఠం వాళ్ళు పొలం లాక్కుని, ఇల్లు పీకించి, ఇంటాయన ఆ దిగులుతోనే పోతే, హాంకాంగ్ కొండ మీద అద్దెకొంపలో తలదాచుకున్న కుటుంబం ఎంత బాగుండగలదో అంత బాగానే ఉంది. పైగా ఫౌస్తినో నవల అచ్చవుతోంది. బార్సిలోనాలో నిప్పులేని గదిలో సగం, ఇక్కడ షావుకార్ల పిల్లలకి స్పానిష్ పాఠాలు చెప్పుకుంటూ సగం రాసిన నవల. ఫిలిప్పీన్స్ పల్లెల్లో స్పెయిన్ దొరల పాలన కింద పాదిరీలు ఏం చేస్తున్నారో ఉన్నదున్నట్టు రాసిన నవల. మాడ్రిడ్ ప్రచురణకర్తలు దాన్ని చదివి, మెచ్చుకుని, దణ్ణం పెట్టి వెనక్కిచ్చేశారు. చివరికి ఇక్కడి పోర్చుగీసు ముద్రాపకుడు అల్వెస్ ఒప్పుకున్నాడు. పుస్తకంలో ఏముందో ఆయన చదవలేదు. చదవకపోవడమే ఆయన ధైర్యం.

మొన్న సాయంత్రం ఫౌస్తినో కొత్త ప్రూఫులు తెచ్చి, అందర్నీ కూర్చోబెట్టి, గుడ్ ఫ్రైడే ఊరేగింపు అధ్యాయం చదివాడు. తల్లి జపమాల ఒళ్ళో పెట్టుకుని మురిసిపోతూ వింది. ఊరేగింపులో పునీత మరియ సలోమె స్వరూపాన్ని నిలబెట్టిన బండి వచ్చింది, సలోమె చేతిలో సమాధి ఊడ్చే వెండిపిడి చీపురు వచ్చింది. ఆ మాట దగ్గర బసిలియా లేచి తన గదిలోకి వెళ్ళిపోయింది, మిగతాదంతా తలుపు చాటు నుంచే వింది. అప్పట్నుంచీ ఇదీ వరస.

"తెక్లా, నీ తమ్ముడికి చెప్పు," అంది బసిలియా. "ఊరి పేరు మార్చినంత మాత్రాన ఊరు మారదని చెప్పు."

ఫౌస్తినో బల్లకి ఆ చివర కూర్చున్నాడు. తల్లికీ అతనికీ మధ్య ఉప్పుగిన్నె తప్ప ఇంకేం లేదు.

"అక్క చెప్పక్కర్లేదమ్మా. నాకు వినపడుతోంది."

"నేను నీతో మాట్లాడ్డం లేదు."

"పోనీ అక్కా, అమ్మకి చెప్పు. ఊరి పేరు మార్చాను, పాదిరీ పేరు మార్చాను, పిల్ల పేరు మార్చాను, నాన్న పేరు మార్చాను. మన కుక్క పేరు కూడా మార్చాను."

"మరి సలోమెని ఎందుకు మార్చలేదు?"

నిజం చెప్పాలంటే, మార్చాలని ఫౌస్తినోకి తోచనేలేదు. చిన్నప్పట్నుంచీ సలోమె అంటే తమ ఇంటి మధ్యగదిలో అద్దాల బీరువాలో నిలబడి ఉండే మనిషి. అమ్మమ్మ ఉన్నట్టు, సలోమె ఉంది. అమ్మమ్మని కథలో పెట్టేటప్పుడు ఎవరైనా పేరు మారుస్తారు గాని, ఇంట్లో గోడని మార్చాలని ఎవరికి తోస్తుంది.

"మన ఊరేగింపులో ఏ బండి ఎవరిదో పాలు తాగే పిల్లాణ్ణి అడిగినా చెప్తాడు," అంది బసిలియా. "వెరోనికా అల్కారాస్ వాళ్ళది. మగ్దలేనా నాటు సారా కాచే వాళ్ళది. సలోమె మనది. నా అత్తగారు కట్టింది దానికి బట్టలు, ఆవిడ అత్తగారు కట్టింది, నేను కట్టాను. ఈ పుస్తకం ఊళ్ళోకి వెళ్ళిందంటే మొదటి పుట చదివేవాడికి ఏమీ తెలీదు. సలోమె దగ్గరికొచ్చేసరికి, ఓహో బసిలియా వాళ్ళ పిల్లా అంటాడు. వెళ్ళి గంట కొట్టి చెప్పొచ్చు కదా అంతకంటే."

ఆ అధ్యాయంలో ఉన్న పిల్ల పేరు కాసిల్డా. సలోమెకి బట్టలు కట్టే ఇంటి పిల్ల. పూజ వస్త్రాలు కుట్టాలని ఊరి పాదిరీ ఆ పిల్లని తన బంగళాకి పిలిపిస్తాడు. పాదిరీ ఆ పిల్లకి జ్ఞానస్నానం నాటి జ్ఞానతండ్రి, పైగా వాళ్ళ పొలం కౌలు తిరగరాయాల్సింది ఆయనే. కాదంటే ఎలా. తల్లే చెయ్యి పట్టుకుని తీసుకెళ్తుంది. పిల్ల మెట్లెక్కి పై గదికి వెళ్తుంది. తల్లి కింద కూర్చుంటుంది. పిల్ల సాయంత్రానికి దిగి వస్తుంది. దిగి వచ్చిన పిల్ల ఆ ఏడు గుడ్ ఫ్రైడే ఊరేగింపులో సలోమె బండి వెనక కొవ్వొత్తి పట్టుకుని నడుస్తుంది, ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడదు.

పేరు కాసిల్డా అయితేనేం, ఆ పిల్ల తెక్లాయే. ఈ గదిలో ముగ్గురికీ ఆ సంగతి తెలుసు. తెలీనిది నాలుగో మనిషికి.

"అల్లుడి సంగతేంటి," అంది బసిలియా. ఈసారి గొంతు తగ్గింది. "ఇవాళ స్టీమరు దిగుతాడు. ఈ పుస్తకాల్ని మనీలాకి మోసుకెళ్ళేది ఆయనే. ఆయనకి స్పానిష్ చదవడం రాకపోవచ్చు, పక్కవాడికి వస్తుందిగా. ఓడలో ఎవడో చదివి, ఇదిగో అంబ్రోసియో, మీ ఆవిడ గురించి రాశారు అంటే, దాని కాపురం ఏమవుతుందో నీ తమ్ముడు ఆలోచించాడా?"

ఫౌస్తినో తలొంచుకున్నాడు. అక్కని ఎరగా వేసి పుస్తకం రాశానా అన్న అనుమానం మొన్నట్నుంచీ అతన్ని తినేస్తోంది. జేబులోంచి పెన్సిలు తీశాడు.

"సరే. మారుస్తాను. సలోమె తీసేసి వెరోనికా అని పెడతాను. చీపురు తీసేసి చేతిలో తువ్వాలు పెడతాను. సరేనా?"

"వెరోనికా బాగుంటుంది," అంది బసిలియా వెంటనే.

"వెరోనికా అల్కారాస్ వాళ్ళది అన్నావు కదమ్మా ఇప్పుడే," అంది తెక్లా.

ఆ ఉదయం ఆమె మాట్లాడిన మొదటి పెద్ద మాట అదే. ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"వెరోనికా అని రాస్తే, అల్కారాస్ వాళ్ళ సబినా అంటారు. నన్ను అనుకోవద్దని సబినాని అనుకోమందామా?"

బసిలియా జపమాల పూసల్ని వేళ్ళతో తడుముకుంది.

"మగ్దలేనా?" అన్నాడు ఫౌస్తినో, తనకే నమ్మకం లేని గొంతుతో.

"సారా కాచే వాళ్ళకి ముగ్గురు ఆడపిల్లలు."

"పేతురు?"

"పేతురు బండి గుమాస్తాగారిది. ఆయనకీ ఓ కూతురుంది. పైగా పేతురు చేతిలో కోడిపుంజు ఉంటుంది, చీపురు కాదు. ఊళ్ళో లేని పునీతుణ్ణి పెడితే మన వాళ్ళు పుస్తకం మూసేసి నవ్వుతారు. ఈయనకి మన ఊరేగింపే తెలీదు, మన పాదిరీ సంగతి ఏం తెలుసు అంటారు."

ఊరేగింపు మొత్తం ఆ బల్ల మీదుగా నడిచిపోయినట్టయింది. ఒక్కో బండి వెనకా ఒక్కో ఇల్లు, ఒక్కో ఇంట్లో ఒక్కో ఆడపిల్ల. ఏ స్వరూపాన్ని ముట్టుకున్నా ఎవరో ఒక పిల్ల మెడకి చుట్టుకుంటుంది. ఫౌస్తినో పెన్సిలు బల్ల మీద పడేశాడు.

"అయితే అధ్యాయమే తీసేస్తాను. మధ్యాహ్నానికల్లా ఆ పుటలు పేర్చిన ఫారాన్ని యంత్రం మీదకి ఎక్కిస్తానన్నాడు అల్వెస్. ఎక్కిందంటే ఇక మార్చలేం. ఇప్పుడే వెళ్ళి తీయించేస్తాను."

"తీసేస్తే పుస్తకంలో ఏం మిగుల్తుంది?" అంది తెక్లా.

"కౌళ్ళు, శిస్తులు, బండచాకిరీ. అవన్నీ ఉన్నాయి. అది మాత్రం ఉండదు."

అన్నంలో చెయ్యి పెట్టకుండానే టోపీ తీసుకుని మెట్లు దిగిపోయాడు. తెక్లాకి అతన్ని చూస్తే కోపం, జాలి రెండూ కలిగాయి. ఇన్నేళ్ళు కడుపు మాడ్చుకుని రాసింది తీసేయడానికి ఇంత పరుగున ఎవరు వెళ్తారు.

ఆమె వంటింట్లోకి వచ్చి చింతపండు నానబెట్టింది. మొగుడు ఓడ దిగే రోజు పులుసు లేకపోతే కుదరదు. కాసేపటికి బసిలియా కూడా వచ్చి పీట మీద కూర్చుని, తోటకూర కట్ట ముందు పెట్టుకుని కాడలు గిల్లసాగింది. బసిలియా అలిగితే చేతికి పని దొరికే దాకానే. పని దొరికితే మాటలు వాటంతట అవే వస్తాయి.

"చాక్లెట్ సంగతి వాడికి ఎవరు చెప్పారు?"

తెక్లా చింతపండు పిసుకుతూనే ఉంది.

"నేనే."

"ఎప్పుడు?"

"పోయిన వర్షాల్లో. బట్టలు ఆరేస్తుంటే పక్కన వచ్చి నిలబడ్డాడు. అడిగాడు. చెప్పాను. ఎందుకు చెప్పానో నాకూ తెలీదు. అన్నేళ్ళ నుంచి ఎవరూ అడగలేదు, వాడు అడిగాడు."

"తల్లి కింద గదిలో కూర్చుని, పాదిరీ పంపించిన వేడి చాక్లెట్ తాగిందని చెప్పావు."

"నేను దిగి వచ్చేసరికి నీ చేతిలో కప్పు ఉందమ్మా."

"ఉంది. కాదనలేదు." బసిలియా ఒక కాడని అక్కర్లేనంత చిన్నగా తుంచింది. "తాగలేదు. వంటవాడు తెచ్చి చేతిలో పెట్టాడు. పట్టుకుని కూర్చున్నాను. చల్లారిపోయి పైన మీగడ కట్టింది. కింద పెడదామంటే ఎక్కడ పెట్టాలో తోచలేదు. అంతే గాని ఒక్క గుక్క తాగలేదు. సలోమె అయితే సలోమె, ఊరంతా అనుకుంటే అనుకోనీ. కూతురు పైన ఉంటే అమ్మ కింద చాక్లెట్ తాగిందని మాత్రం రాయద్దని చెప్పు వాడికి."

తెక్లా చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. ఇన్నేళ్ళూ ఆ కప్పు ఆమె కళ్ళ ముందు నుంచి పోలేదు. పై గది కన్నా అదే ఎక్కువ గుర్తుకొచ్చేది. అమ్మకి ఏమీ తెలీదు, తెలీక తాగింది, తెలీని మనిషి మీద కోపమెందుకు అని తనకి తాను వెయ్యిసార్లు చెప్పుకుంది. చెప్పుకున్నా కోపం పోలేదు. ఇప్పుడు అమ్మ తాగలేదంటోంది. ఆ ఒక్క మాటతో గుండెలో ఏదో సర్దుకున్నట్టయింది. ఎందుకు తాగలేదని ఆమె అడగలేదు.

"అమ్మా, నేను ప్రెస్సుకి వెళ్ళొస్తాను," అంది, చెయ్యి తుడుచుకుంటూ.

"ఆడదానివి, ఆ మసివాళ్ళ మధ్యకా?"

"పులుసు చూస్తుండు. ఉప్పు వెయ్యలేదింకా."

అల్వెస్ ప్రెస్సు రేవు వెనక సందులో ఉంది. తెక్లా లోపలికి వెళ్ళేసరికి ముసలి అల్వెస్ చొక్కా చేతులు మడుచుకుని, ఎవరినీ ప్రత్యేకంగా చూడకుండా అందర్నీ తిడుతున్నాడు. కంపోజిటర్లు తలెత్తలేదు. వాళ్ళు చీనావాళ్ళు, ఒక్కో అక్షరం ఆకారం చూసి పేరుస్తారు. స్పానిష్‌లో ఆ అక్షరాలు ఎవరి బతుకు చెప్తున్నాయో వాళ్ళకి పట్టింపు లేదు. ఫౌస్తినో కాగితాల బేలు మీద చతికిలబడి ఉన్నాడు.

"అమ్మా, మీరు ఈయన అక్కగారా," అన్నాడు అల్వెస్. "మీ తమ్ముడికి బుద్ధి చెప్పండి. పేర్చి బిగించిన ఫారంలోంచి అధ్యాయం పీకెయ్యాలట. పీకేస్తే ముందు పుటలు ఎక్కడ ఆపను, వెనక పుటలు ఎక్కడ మొదలెట్టను? నా దగ్గరున్న అక్షరాలే ఒక ఫారానికి సరిపడా. ఇది అచ్చేసి అక్షరాలు విప్పుకుంటే గాని తరవాతిది పేర్చలేను. మీ ఇంట్లో వాళ్ళకి తీరిక ఎక్కువలా ఉంది, నాకు లేదు."

"అధ్యాయం తియ్యద్దు," అంది తెక్లా.

ఫౌస్తినో లేచి నిలబడ్డాడు.

"అక్కా, నువ్వు ఇంటికెళ్ళు. నేను తేల్చుకున్నాను."

"నువ్వు తేల్చుకున్నావు. అమ్మ తేల్చుకుంది. ముందర నాన్న తేల్చుకున్నాడు, పాదిరీ తేల్చుకున్నాడు. కాసిల్డా ఎవరు?"

ఫౌస్తినో యంత్రం వైపు తిరిగాడు.

"ఎవర్రా?"

"నువ్వే."

"అయితే సలోమె ఉండనీ. మన ఇంటిదే కదా, మన ఇంటి నుంచే వెళ్ళనీ. నా తరవాత ఎవరెవర్ని కుట్టుపనికి పిలిపించాడో నాకు తెలీదు. పిలిపించకుండా మాత్రం ఉండి ఉండడు. ఆ పుస్తకం చదివి మన ఊళ్ళో ఒక్క తల్లి, మా పిల్లకి జ్వరం అని చెప్పి పంపకుండా ఉంటే నాకది చాలు. ఏ ఇల్లో తెలీకుండా రాస్తే, అది ఎక్కడో జరిగిందిలే అనుకుంటారు. సలోమె అని ఉంటే, ఎక్కడో అనడానికి ఉండదు."

"బావకి తెలిస్తే?"

దీనికి జవాబు ఆమె దారంతా వెతుక్కుంటూనే వచ్చింది.

"బావకి నేను చెప్తాను," అంది. "వేరే ఎవరో చెప్పేలోపు నేనే చెప్తాను. అది నా పని. నీ పని ఇంకోటుంది. ఒక్క వాక్యం మార్చాలి."

ఫౌస్తినో ప్రూఫు విప్పాడు. ఆమె వేలు పెట్టి చూపించిన చోట చదివాడు. ఏమీ ఎరగని తల్లి కింద గదిలో కూర్చుని చాక్లెట్ తాగుతోంది.

"తాగలేదట. పట్టుకుని కూర్చుందట. చల్లారి మీగడ కట్టిందట."

ఫౌస్తినో అక్క మొహంలోకి చూశాడు. కంపోజిటర్ పక్కకి వెళ్ళి నిలబడి, పాత ముక్క కొట్టేసి కొత్త ముక్క రాశాడు. రాశాక తలెత్తాడు.

"ఏమీ ఎరగని తల్లి అన్నది ఉంచనా?"

"ఉంచు. అది నిజమే కదా."

అల్వెస్ విసుక్కుంటూనే ఆ వరస విప్పించి, మళ్ళీ బిగించి, సుత్తితో చట్రం చుట్టూ తట్టించాడు. మార్చిన ప్రూఫు ఒకటి తీసి తెక్లా చేతికిచ్చాడు. సిరా ఇంకా తడిగానే ఉంది. యంత్రం తిరగడం మొదలయ్యాక, మొదటి కాగితం పడే దాకా ఇక్కడే ఉంటానని ఫౌస్తినో ఉండిపోయాడు. అతని మొహం చూస్తే తెక్లాకి చాలా రోజుల తరవాత నవ్వొచ్చింది. కొడుకు పుట్టినవాడిలా ఉన్నాడు.

కొండమెట్లు ఎక్కుతుంటే ఆ నవ్వు కాస్తా పోయింది. భయం వేసింది. అంబ్రోసియో మంచివాడు. పెళ్ళినాడు కూడా ఏమీ అడగలేదు. కానీ మంచివాళ్ళు ఏది భరిస్తారో, ఏది భరించరో ముందుగా చెప్పడం కష్టం.

ఇంటికి వచ్చేసరికి అంబ్రోసియో బల్ల దగ్గర కూర్చుని పులుసు తింటున్నాడు. స్టీమరు సామాన్ల గదిలో పని. ఒంటి మీద ఇంకా ఎండుచేపల వాసన, తారు వాసన. బసిలియా అతని ముందు అన్నం గిన్నె పెట్టి, చప్పుడు చెయ్యకుండా తన గదిలోకి తప్పుకుంది.

"ఇంట్లో ఎవరైనా పోయారా?" అన్నాడు అంబ్రోసియో.

"లేదే. ఎందుకు?"

"మీ అమ్మగారు నాకు రెండుసార్లు వడ్డించారు. ఒక్క తిట్టు తిట్టలేదు. కాళ్ళు కడుక్కోకుండా లోపలికొచ్చినా ఏమనలేదు. నాకు అన్నం దిగట్లేదు."

తెక్లా నవ్వలేకపోయింది. అతను ఆమె చేతిలోని కాగితం చూశాడు.

"అదేనా మనం మొయ్యబోయేది?"

"అందులో ఒక ముక్క."

"చదివి వినిపించు."

"తిను ముందు."

"తింటూ వింటాను. చేపల పీపాల అడుగున పెట్టుకుని పోతాను కదా, పట్టుకుంటే ద్వీపాంతరం పంపిస్తారు. ఏం మోస్తున్నానో తెలుసుకుని వెళ్తే, జైల్లో కూర్చుని తల్చుకోడానికైనా పనికొస్తుంది."

తెక్లా కాగితం విప్పింది. ఆ కాగితం మీద వేరే పుటలు కూడా ఉన్నాయి. శిస్తు వసూలు, పన్ను కట్టలేని ముసలాణ్ణి ఎండలో నిలబెట్టడం. అది చదివితే సరిపోతుంది. ఇతనికి ఊరేగింపు అధ్యాయం ఉందనే తెలీదు. తెలిసే దారి కూడా లేదు, కనీసం ఈ ప్రయాణం వరకు. అయినా ఊరేగింపు ఉన్న పుట దగ్గరే వేలు పెట్టింది. స్పానిష్‌లో ఉన్నదాన్ని తమ ఇంటి భాషలోకి తిప్పుకుంటూ, మెల్లగా, తప్పులు దిద్దుకుంటూ చదివింది.

కొవ్వొత్తులు వచ్చాయి, బండ్లు వచ్చాయి. మరియ సలోమె వచ్చింది. అంబ్రోసియో చేతిలో ముద్ద ఆగింది. అతనిదీ అదే ఊరు. కుర్రతనంలో ఆ బండి మోకు లాగినవాళ్ళలో అతనూ ఒకడు.

"సలోమెనా?" అన్నాడు.

"ఊఁ."

"మీ సలోమె."

"మాదే."

అతను ముద్ద తిరిగి పళ్ళెంలో పెట్టేశాడు. చెయ్యి కడుక్కోలేదు. ఆమె మొహం వైపు కాకుండా కాగితం వైపే చూస్తూ, "చదువు," అన్నాడు.

బంగళా వచ్చింది. కుట్టుపని వచ్చింది. పిల్ల మెట్లెక్కింది. అక్కడ తెక్లాకి అక్షరాలు కనిపిస్తున్నాయి గాని నోరు కదల్లేదు. అంబ్రోసియో తొందరపెట్టలేదు. కింద వీధిలో పల్లకీ మోసేవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు అరుచుకుంటూ పోయారు. ఆ అరుపులు పోయాక ఆమె ఆ తరవాతి వాక్యం ఎత్తుకుంది.

"ఏమీ ఎరగని తల్లి చేతిలో చాక్లెట్ చల్లారిపోయి మీగడ కట్టింది."

"అక్కడ తప్పుంది," అంది బసిలియా.

గది గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో ఇద్దరూ చూడలేదు.

"దిద్దించాను కదమ్మా," అంది తెక్లా. "నువ్వు చెప్పినట్టే. తాగలేదనే ఉంది."

"అది కాదు. ముందు ముక్క. ఏమీ ఎరగని తల్లి అని ఉంది చూడు. అది."

తెక్లా కాగితం కిందికి దించింది.

"అంతకు ముందు ఏడాదే, సబినాని కూడా కుట్టుపనికి పిలిపించాడు," అంది బసిలియా. నిలబడే చెప్పింది, కుర్చీ పక్కనే ఉన్నా కూర్చోలేదు. "వాళ్ళమ్మ బావి దగ్గర నాతో చెప్పి ఏడ్చింది. బసిలియా, నీకూ పిల్లుంది, నువ్వు మాత్రం పంపకు అంది. పంపనన్నాను. తరవాత మీ నాన్నని కౌలు కాగితం కోసం మూడుసార్లు తిప్పాడు. నాలుగోసారి నీ కోసం కబురు పెట్టాడు. మీ నాన్నకి ఏమీ తెలీదు. నాకు తెలుసు. తెలిసే తీసుకెళ్ళాను. పొలం పోతుందని. ఆ పొలం ఎలాగూ పోయింది."

అంబ్రోసియో కుర్చీలోంచి లేచాడు. లేచి ఎటు వెళ్ళాలో తోచనట్టు అక్కడే నిలబడ్డాడు.

తెక్లా తల్లిని చూస్తూ ఉండిపోయింది. పొద్దున వంటింట్లో సర్దుకున్నది ఒక్కసారిగా జారిపోయింది. అమ్మకి తెలీదు. ఇన్నేళ్ళూ ఆ ఒక్క మాట పట్టుకుని బతికింది. పాదిరీ మీద పెట్టుకున్న కోపం అంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఏడుపు రాలేదు.

"ఎందుకు చెప్పావు ఇప్పుడు?" అంది చివరికి. "నేను అడగలేదు కదా."

"అచ్చులో పడితే అదే నిజమైపోతుంది. సబినా తల్లి బతికే ఉంది. ఆ పుస్తకం ఆవిడ చేతికి వెళ్తే, ఏమీ ఎరగని తల్లి అని చదివి నన్ను తల్చుకుంటుంది. వాడితో చెప్పు, ఆ ముక్క మార్చమని."

"అచ్చయిపోయుంటుందమ్మా."

బసిలియాకి ఆ మాట అర్థం కావడానికి కాసేపు పట్టింది.

"ఫౌస్తినోకి తెలుసా ఇది?" అన్నాడు అంబ్రోసియో. ఎవరిని అడిగాడో తెలీదు.

కొండమెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. ఎవరో రెండేసి మెట్లు ఒక్కో అంగలో ఎక్కుతున్నారు. గాలికి ఎగరకుండా చంకలో ఏదో అదిమి పట్టుకున్నవాడిలా ఆయాసపడుతూ, ఇంకా నాలుగిళ్ళ దూరంలో ఉండగానే, "అక్కా, పడింది అచ్చు. అమ్మని పిలువు," అని కేకేశాడు ఫౌస్తినో.

తలుపుకి గడియ వేసి ఉంది. ముగ్గురిలో ఎవరూ తీయడానికి వెళ్ళలేదు.